వెనుదిరిగే రక్తం: వెరికోస్ వెయిన్స్‌కు ఏ చికిత్స, ఎప్పుడు?

*లేజర్, రేడియోఫ్రీక్వెన్సీ, నురుగు ఇంజెక్షన్, గ్లూ, కోత... ఉబ్బిన సిరల చికిత్సకు ఇప్పుడు దారులు అనేకం. వాటిలో ఎవరికి ఏది తగినదో ప్రకటనల్లోని యంత్రం పేరు చెప్పలేదు. కాలిలో రక్తం ఎక్కడి నుంచి వెనక్కి జారుతోందో తేల్చే పరీక్షే ఆ మాట చెప్పాలి.*

కాళ్ల మీద నీలంగా ఉబ్బి, మెలికలు తిరిగి కనిపించే సిరలను వైద్యులు వెరికోస్ వెయిన్స్ అంటారు. జనం వాడుకలో అవి ఉబ్బిన నరాలు. పిక్క మీద కనిపించే ఈ మెలికలు వ్యాధి బయటపడిన గుర్తులే తప్ప వ్యాధికి మూలం కావు. వాటికి పైన ఎక్కడో, తరచుగా గజ్జల్లోనో మోకాలి వెనుకో, సిర లోపలి కవాటం చెడి రక్తం కిందికి జారుతూ ఉండటం వల్ల ఏళ్ల తరబడి పీడనం పేరుకుని చర్మం కింది సిరలు సాగిపోతాయి. గడిచిన పాతికేళ్లలో దీని చికిత్స చాలావరకు మారిపోయింది. మత్తు ఇచ్చి, గజ్జల్లో కోసి, సిరను తొడ పొడవునా లాగివేసే శస్త్రచికిత్స స్థానంలో, సూది పట్టేంత రంధ్రం గుండా వెళ్లి సిరను ఉన్నచోటనే మూసివేసే పద్ధతులు వచ్చాయి. ఉదయం ఆసుపత్రికి వచ్చిన రోగి సాయంత్రానికి నడిచి ఇంటికి వెళ్లే వీలు కలిగింది. అయితే దారులు పెరిగిన కొద్దీ ఎంపిక చిక్కుగా మారింది. ఏ యంత్రంతో మూయాలన్నది నిజానికి రెండో ప్రశ్న. ఏ సిరను మూయాలి, అసలు మూయవలసిన అవసరం ఉందా అన్నవే మొదట తేలవలసిన సంగతులు.

ఎదురెక్కే ప్రవాహం

గుండె నుంచి ధమనుల ద్వారా పాదాల దాకా దిగిన రక్తం తిరిగి గుండెకు చేరాలంటే, నిలబడిన మనిషిలో అది మీటరుకు పైగా ఎత్తు ఎక్కాలి. ఈ పనిలో పెద్ద పాత్ర పిక్క కండరాలది. అడుగు వేసినప్పుడల్లా అవి బిగుసుకుని తమ మధ్యనున్న సిరలను పిండుతాయి, రక్తం పైకి ఎగబాకుతుంది, కండరం సడలగానే ఆ రక్తం కిందికి జారకుండా సిర లోపలి గోడకు అంటి ఉండే రెండు రేకుల కవాటాలు మూసుకుంటాయి. ఇటలీలోని పాదువాలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించిన ఫాబ్రిసియస్ 1603లో ఈ కవాటాలను బొమ్మలతో సహా వర్ణించగా, ఆయన వద్ద చదువుకున్న విలియం హార్వే 1628 నాటి తన గ్రంథంలో అవి రక్తాన్ని గుండె వైపే పోనిస్తాయని చూపి, రక్తప్రసరణ సిద్ధాంతానికి దానిని ఒక ఆధారంగా నిలబెట్టాడు.

కాలిలో సిరల వ్యవస్థలు రెండు. కండరాల నడుమ సాగే లోతు సిరలు కాలి రక్తంలో దాదాపు 90 శాతాన్ని మోస్తాయి; చర్మానికి, కండరానికి మధ్య కొవ్వు పొరలో సాగే పై సిరలు మిగిలిన కొద్ది భాగాన్ని సేకరించి లోతు సిరల్లోకి చేరవేస్తాయి. పై సిరల్లో ముఖ్యమైనవి రెండు. లోపలి చీలమండ ముందు నుంచి బయలుదేరి పిక్క, మోకాలు, తొడల లోపలి వైపుగా సాగి గజ్జల్లో లోతు సిరను కలిసేది గ్రేట్ సఫీనస్ సిర, ఇది మానవ శరీరంలోకెల్లా పొడవైనది. బయటి చీలమండ వెనుక నుంచి పిక్క మధ్యగా ఎక్కి, సాధారణంగా మోకాలి వెనుక లోతు సిరలో కలిసేది స్మాల్ సఫీనస్ సిర. ఈ రెండు వ్యవస్థలను అక్కడక్కడ కలుపుతూ కండరపు పొరను చీల్చుకుని వెళ్లే పొట్టి సిరలను పెర్ఫొరేటర్లు అంటారు.

బావి మోటారుకు ఫుట్‌వాల్వు చెడితే పైపులోకి ఎక్కిన నీరంతా తిరిగి బావిలోకి జారిపోయినట్లే, కవాటం మూసుకోని సిరలో పైకెక్కిన రక్తం వెనక్కి దిగుతుంది. దీనినే రిఫ్లక్స్ అంటారు. కదలకుండా నిలబడిన మనిషి చీలమండ దగ్గర సిరల్లోని పీడనం పాదరసమానంలో 80 నుంచి 90 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. కవాటాలు బాగున్నవారు నాలుగడుగులు వేయగానే అది 30 లోపుకు పడిపోతుంది. రిఫ్లక్స్ ఉన్నవారిలో నడిచినా అంతగా తగ్గదు. కాళ్ల బరువు, లాగుడు, సాయంత్రానికి వచ్చే వాపు, చర్మం నల్లబడటం, చివరకు మానని పుండు, అన్నీ తగ్గని ఈ పీడనం నుంచి పుట్టేవే.

ఇది స్త్రీలకే ఎక్కువగా వచ్చే జబ్బన్న అభిప్రాయం బలంగా ఉన్నా, 18 నుంచి 64 ఏళ్ల వయసువారిని పరీక్షించి 1999లో ఫలితాలు ప్రకటించిన ఎడిన్‌బరో అధ్యయనంలో ప్రధాన సిరల ఉబ్బు పురుషుల్లో 40 శాతం మందిలో, స్త్రీలలో 32 శాతం మందిలో కనిపించింది. వంశంలో ఈ లక్షణం ఉండటం, వయసు, అధిక బరువు, గంటల తరబడి నిలబడే పని దీనికి దోహదం చేస్తాయి. గర్భిణుల్లో ప్రొజెస్టరాన్ హార్మోను సిర గోడలను సడలించడం, శరీరంలో రక్తం పరిమాణం పెరగడం, ఎదిగే గర్భాశయం పొత్తికడుపులోని సిరలను నొక్కడం కలిసి సిరలు ఉబ్బుతాయి. కాన్పు తర్వాత కొన్ని నెలల్లో అవి చాలావరకు తగ్గే అవకాశం ఉన్నందున, అత్యవసరమైతే తప్ప గర్భంతో ఉన్నప్పుడు వాటిని మూసే చికిత్స చేయరు.

సన్నని గీతల నుంచి మానని పుండు దాకా

వ్యాధి ఏ దశలో ఉందో చెప్పడానికి ప్రపంచమంతటా వైద్యులు సీప్ అనే వర్గీకరణను వాడతారు. అందులో బయటికి కనిపించే లక్షణాలను సీ-0 నుంచి సీ-6 వరకు దశలుగా విడదీస్తారు. మిల్లీమీటరు లోపు ఎర్రని, ఊదారంగు గీతలు, మూడు మిల్లీమీటర్ల లోపు నీలి సిరలు సీ-1. నిలబడినప్పుడు మూడు మిల్లీమీటర్లు, అంతకు మించి వెడల్పుగా ఉబ్బినవి సీ-2, వెరికోస్ వెయిన్స్ అన్న పేరు సరిగా వర్తించేది వీటికే. వాపు చేరితే సీ-3, చర్మం రంగు మారి దురద, ఎగ్జిమా, గట్టిదనం వస్తే సీ-4, పుండు పడి మానితే సీ-5, మానకుండా ఉంటే సీ-6.

మూడో దశ నుంచి నాలుగో దశకు జరిగే మార్పు చికిత్సకు కీలకమైన మలుపు. పీడనం తట్టుకోలేని సన్నని రక్తనాళికల నుంచి ఎర్ర రక్తకణాలు చర్మంలోకి చిమ్మి, అక్కడ విచ్ఛిన్నమై, వాటిలోని ఇనుము చర్మపు పొరల్లో మిగిలిపోవడం వల్ల చీలమండ లోపలి వైపు గోధుమ రంగు మచ్చ పడుతుంది. ఆ మచ్చ నెమ్మదిగా విస్తరించి, కింది కొవ్వు గట్టిపడి, కాలు చీలమండ పైన సన్నబడి పిక్క దగ్గర ఉబ్బినట్లు కనిపించే స్థితికి లిపోడెర్మటోస్క్లెరోసిస్ అని పేరు. ఈ దశలో చిన్న గీరుపోటు కూడా పుండుగా మారుతుంది. చక్కెర వ్యాధి ఉన్నవారు అలాంటి పుండును షుగరు పుండు అనుకుని నెలల తరబడి పైపూతలతో, డ్రెస్సింగులతో సరిపెట్టుకోవడం, అసలు కారణమైన సిరల పరీక్ష వాయిదా పడిపోవడం తరచుగా జరిగేదే. కాలి వాపును బోదకాలుగా పొరబడటం కూడా ఉంటుంది. సిరల వల్ల వచ్చే వాపు మొదటి దశల్లో రాత్రి పడుకుంటే తెల్లవారేసరికి తగ్గుతుంది. బోదకాలులో శోషరస నాళాలు దెబ్బతినడం వల్ల ముదిరిన వాపు పాదం పైభాగాన్నీ వేళ్లనూ ఆక్రమించి, పడక విశ్రాంతికి కూడా లొంగదు.

> వెంటనే స్పందించవలసినవి
>
> రక్తస్రావం: చీలమండ దగ్గర పలచబడిన చర్మం కింది సిర చిట్లితే నొప్పి లేకుండానే రక్తం ధారగా కారుతుంది. రోగిని వెంటనే పడుకోబెట్టి, కాలిని గుండె కన్నా ఎత్తులో ఉంచి, కారుతున్న చోటనే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాల పాటు గట్టిగా అదిమి పట్టాలి. గాయానికి పైన తువ్వాలుతో బిగించి కడితే సిరల్లో పీడనం పెరిగి రక్తం మరింత కారుతుంది. ఒకసారి ఇలా జరిగినవారు ఆగిపోయింది గదా అని ఊరుకోకుండా చికిత్సకు వెళ్లాలి.
>
> తాడులా గట్టిపడిన సిర: ఉబ్బిన సిర ఎర్రబడి, వేడెక్కి, ముట్టుకుంటే నొప్పి పుడితే అందులో రక్తం గడ్డకట్టినట్లు. గడ్డ గజ్జలకు దగ్గరగా ఉంటే లోతు సిరలోకి పాకే ప్రమాదం ఉన్నందున స్కాన్ అవసరం. రక్తాన్ని పలచబరిచే మందులు పడవచ్చు.
>
> ఒక కాలు హఠాత్తుగా వాచడం: పిక్కలో నొప్పితో ఒకే కాలు వాస్తే లోతు సిరలో గడ్డ ఉందేమోనని అదే రోజు చూపించుకోవాలి. ఆయాసం, ఛాతీనొప్పి తోడైతే అది అత్యవసర పరిస్థితి.

నిలబెట్టి చేసే పరీక్ష

చికిత్సకు పునాది డూప్లెక్స్ స్కాన్. సిర ఆకారాన్ని చూపే అల్ట్రాసౌండునూ, అందులో రక్తం ఏ దిశలో ఎంత వేగంతో పోతోందో చెప్పే డాప్లర్‌నూ కలిపిన పరీక్ష ఇది. రిఫ్లక్స్ కోసం చేసేటప్పుడు రోగిని పడుకోబెట్టరు. నిలబెట్టి, శరీర భారాన్ని రెండో కాలి మీద వేయమని చెప్పి, పరీక్షించే కాలి మోకాలిని కొద్దిగా వంచి బయటికి తిప్పిస్తారు. జెల్ రాసిన ప్రోబును గజ్జల్లో ఉంచి, రెండో చేత్తో పిక్కను నొక్కితే రక్తం పైకి ఎగసి తెర మీద ఒక రంగు మెరుస్తుంది. చెయ్యి తీయగానే కవాటం బాగున్న సిరలో ఆ రంగు ఆగిపోతుంది, చెడిన సిరలో వ్యతిరేక దిశను సూచించే రెండో రంగు నిండుతుంది. ఆ వెనక్కి జారుడు పై సిరల్లో అర సెకనుకు మించితే దానిని రిఫ్లక్స్‌గా లెక్కిస్తారు.

ఇదే పద్ధతిలో గజ్జల నుంచి చీలమండ దాకా కాలంతా చూసి, ఏ సిర ఎంత వెడల్పుగా ఉంది, రిఫ్లక్స్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోంది, ఏ పెర్ఫొరేటరు చెడింది అన్న వివరాలతో ఒక పటం గీస్తారు. లోతు సిరలు తెరుచుకుని ఉన్నాయో లేదో చూడటం ఈ పరీక్షలో అంతే ముఖ్యం. గతంలో గడ్డకట్టి లోతు సిర మూసుకుపోయినవారిలో పై సిరలే రక్తానికి ప్రత్యామ్నాయ మార్గంగా ఉబ్బి ఉండవచ్చు గనుక, ఆ సంగతి తేల్చకుండా వాటిని మూసివేస్తే కాలి పరిస్థితి మెరుగుపడకపోగా దిగజారవచ్చు. పడుకోబెట్టి రెండు నిమిషాల్లో ముగించిన స్కాన్ మీద ఆధారపడి ఏ చికిత్సకూ ఒప్పుకోవడం మంచిది కాదు.

మేజోళ్లు, మాత్రలు

సిరను బయటి నుంచి నొక్కి పట్టే కంప్రెషన్ మేజోళ్లు చీలమండ దగ్గర ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ ఒత్తిడి ఇచ్చేలా అల్లి ఉంటాయి. కాళ్ల బరువు, వాపు ఉన్నవారికి సాధారణంగా 20 నుంచి 30 మిల్లీమీటర్ల పీడనం ఇచ్చేవి సూచిస్తారు. చీలమండ, పిక్క కొలతలు తీసుకుని సరైన పరిమాణం ఎంచుకోవాలి, ఉదయం వాపు ఎక్కకముందే తొడగాలి, రాత్రి తీసేయాలి, సాగు తగ్గిన జతను మార్చాలి. మందుల దుకాణంలో దొరికే మామూలు క్రేప్ బ్యాండేజీని ఎవరికి వారు చుట్టుకుంటే ఒత్తిడి ఒకచోట ఎక్కువ, మరోచోట తక్కువ అయి వాపు మధ్యలో నిలిచిపోతుంది. కోస్తాలోని ఉక్కపోతలోనూ, తెలంగాణ ఎండల్లోనూ రోజంతా బిగుతు మేజోళ్లతో ఉండటం ఎంత కష్టమో రోగులకూ వైద్యులకూ తెలిసిందే గనుక, మేజోళ్లనే ఏకైక జీవితకాల చికిత్సగా రాసి ఇవ్వడం చాలామంది విషయంలో ఆచరణకు నిలవదు.

మేజోళ్లకు ముందు కాలి ధమనులు బాగున్నాయో లేదో చూడటం తప్పనిసరి. చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో భాగిస్తే వచ్చే నిష్పత్తి మామూలుగా ఒకటికి అటూ ఇటూగా ఉంటుంది, అది 0.8 కన్నా తగ్గితే బిగుతు కట్లలో జాగ్రత్త కావాలి, 0.5 కన్నా తగ్గితే కట్టకూడదు. పొగ తాగేవారిలో, వృద్ధుల్లో ఈ లెక్క మరీ అవసరం; దీర్ఘకాలంగా చక్కెర వ్యాధి ఉన్నవారిలో ధమనులు గట్టిపడి ఈ నిష్పత్తి ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించే అవకాశం ఉన్నందున దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడరు.

డయోస్మిన్, హెస్పెరిడిన్ కలిపిన మాత్రలు కొందరిలో బరువు, వాపు, తిమ్మిరి వంటి బాధలను తగ్గిస్తాయి. అవి చెడిన కవాటాన్ని బాగు చేయలేవు, ఉబ్బిన సిరను మాయం చేయలేవు. పడుకున్నప్పుడు కాళ్లు ఎత్తులో పెట్టుకోవడం, నడక, మునివేళ్ల మీద లేచి దిగే పిక్క వ్యాయామం, బరువు తగ్గడం కూడా బాధను తగ్గించే కోవకే చెందుతాయి.

కోత నుంచి వేడికి

ఉబ్బిన సిరలను కోసే ప్రయత్నం చాలా పాతది. రోమన్ సేనాని మారియస్ కట్టివేయించుకోకుండానే ఒక కాలికి శస్త్రచికిత్స చేయించుకుని, వచ్చే మేలు పడే నొప్పికి తగినది కాదని రెండో కాలిని చాపలేదని ప్లూటార్క్ ఆయన జీవిత చరిత్రలో రాశాడు. రిఫ్లక్స్‌ను దాని మూలం దగ్గర ఆపాలన్న ఆలోచనకు రూపం ఇచ్చినవాడు జర్మన్ శస్త్రవైద్యుడు ఫ్రీడ్రిష్ ట్రెండెలెన్‌బర్గ్. ఆయన 1890ల ఆరంభంలో తొడ భాగంలో సఫీనస్ సిరను కట్టివేసే పద్ధతిని వివరించాడు. 1905 నుంచి 1907 మధ్య అమెరికాలో కెల్లర్, మేయో, బాబ్‌కాక్ ఒకరి తర్వాత ఒకరు సిరను లాగివేసే స్ట్రిప్పింగ్ పద్ధతులను ప్రవేశపెట్టారు. గజ్జల్లో కోసి సిరను లోతు సిర నుంచి వేరుచేసి, దాని లోపలికి తీగ పంపి, మోకాలి దాకా లాగివేసే ఆ శస్త్రచికిత్స దాదాపు శతాబ్దం పాటు ప్రామాణిక చికిత్సగా నిలిచింది. మోకాలి కింద సఫీనస్ నాడి సిరను అంటిపెట్టుకుని ఉంటుంది గనుక, చీలమండ దాకా లాగితే పాదం లోపలి వైపు స్పర్శ పోయే ప్రమాదం ఉంది. మోకాలి దగ్గరే ఆపడానికి కారణం అదే.

ఈ చిత్రాన్ని మార్చినది వేడి. రేడియోఫ్రీక్వెన్సీ పరికరానికి 1999లోనూ, లేజర్‌కు 2002లోనూ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది. రెండింటి క్రమమూ ఒకటే. మోకాలి దగ్గర సిరలోకి అల్ట్రాసౌండ్ చూస్తూ సూది గుచ్చి, దాని గుండా సన్నని గొట్టాన్ని పైకి పంపి, దాని కొనను గజ్జల్లోని సంగమానికి రెండు సెంటీమీటర్ల దిగువన నిలుపుతారు. తర్వాత సిర చుట్టూ చల్లని సెలైన్‌లో కలిపిన పలుచని మత్తుమందును పొడవునా ఎక్కిస్తారు. ట్యూమసెంట్ అనస్థీషియా అని పిలిచే ఈ ద్రవం నొప్పి తెలియకుండా చేయడమే గాక, సిరను నొక్కి గొట్టానికి అంటేలా చేసి, వేడి చర్మానికీ నాడికీ సోకకుండా అడ్డుపడుతుంది. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న రేడియోఫ్రీక్వెన్సీ గొట్టపు కొనలో 7 సెంటీమీటర్ల భాగం 120 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కి 20 సెకన్లు అలాగే ఉంటుంది. ఆపైన గొట్టాన్ని వెనక్కి లాగి తర్వాతి భాగాన్ని మూస్తారు. లేజర్‌లో కాంతి శక్తితో అదే పని జరుగుతుంది. మొదటి తరం లేజర్లు 810, 980 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంతో పనిచేసేవి. నీరు ఎక్కువగా గ్రహించే 1470 నానోమీటర్ల కాంతి, చుట్టూ సమానంగా ప్రసరించే కొన వచ్చాక తర్వాతి నొప్పి, కమిలిన మచ్చలు తగ్గాయి.

వేడికి గోడలు ముడుచుకుపోయిన సిర కొన్ని నెలల్లో పీచుగా మారి శరీరంలో కలిసిపోతుంది. మూసిన సిరలోని రక్తం ఎటు పోతుందన్న సందేహం చాలామందిని భయపెడుతుంది. ఆ సిర అప్పటికే రక్తాన్ని తప్పుదిశలో నడుపుతోంది గనుక, దానిని మూస్తే లోతు సిరల మీద భారం పెరగదు, తగ్గుతుంది. గుండె బైపాస్‌కు ఆ సిర పనికొచ్చేది గదా అన్న ప్రశ్నకు కూడా దాదాపు ఇదే సమాధానం: బాగా ఉబ్బి మెలికలు తిరిగిన సిర అతుకుకు సరిపోదు. ప్రధాన సిర మూసిన తర్వాత మిగిలే మెలికలను సూదిమొన అంత గాట్ల నుంచి చిన్న కొక్కెంతో తీసివేసే పద్ధతి ఫ్లెబెక్టమీ. స్విట్జర్లాండ్ వైద్యుడు రాబర్ట్ ముల్లర్ 20వ శతాబ్దం మధ్యలో దీనిని వ్యాప్తిలోకి తెచ్చాడు.

నురుగు, జిగురు

సిర లోపలి పొరను దెబ్బతీసి అతుక్కునేలా చేసే మందును ఎక్కించడం స్క్లిరోథెరపీ. దీనికి వాడే పోలిడోకెనాల్, సోడియం టెట్రాడెసిల్ సల్ఫేట్ ద్రవరూపంలో రక్తంతో కలిసి పలచబడిపోతాయి. ఇటలీ వైద్యుడు లొరెంజో టెస్సారి 2000 ప్రాంతంలో చూపిన ఉపాయం దీనికి కొత్త బలం ఇచ్చింది: రెండు సిరంజిలను మూడు దారుల కొళాయితో కలిపి, ఒక పాలు మందు, నాలుగు పాళ్లు గాలి చొప్పున ఇటూ అటూ ఇరవై సార్లు తోస్తే చిక్కని నురుగు తయారవుతుంది; అది సిరలోని రక్తాన్ని పక్కకు నెట్టి గోడకు నేరుగా తగులుతుంది. ఖర్చు తక్కువ, కోత లేదు, మత్తు అక్కర్లేదు, మెలికలు తిరిగి గొట్టం వెళ్లలేని సిరలకూ, తిరగబెట్టిన సిరలకూ, పుండు కింది సిరలకూ బాగా పనికొస్తుంది. చర్మంపై గోధుమ మచ్చ కొన్ని నెలలు మిగలడం, గడ్డకట్టిన సిర గట్టిగా తగలడం మామూలే. కొందరికి తాత్కాలికంగా చూపు మసకబారడం, తలనొప్పి రావచ్చు. గుండె గదుల మధ్య పుట్టుకతో రంధ్రం మిగిలి ఉన్నవారిలో బుడగలు మెదడుకు చేరే ప్రమాదం అరుదైనా ఉంది గనుక ఒక్కోసారి ఎక్కించే నురుగు పరిమాణాన్ని పరిమితం చేస్తారు.

సయనోఅక్రిలేట్ అనే వైద్య జిగురును సిరలో చుక్కలుగా వదులుతూ, బయటి నుంచి నొక్కి గోడలను అతికించే పద్ధతికి 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది. వేడి లేదు గనుక తొడ పొడవునా మత్తు సూదులు అక్కర్లేదు, నాడి కాలే భయం లేదు, సాధారణంగా తర్వాత మేజోళ్లు కూడా అవసరం ఉండదు. ధర ఎక్కువ; జిగురు శరీరంలో చాలాకాలం ఉండిపోతుంది; కొందరిలో అది పడక సిర పొడవునా ఎర్రబడి దురద, నొప్పి వస్తాయి. ఇలాంటి జిగురుకు ముందే అలర్జీ ఉన్నవారికి ఇది తగదు.

ఏది ఎవరికి

సఫీనస్ సిరలో రిఫ్లక్స్ ఉండి బాధ పెడుతున్నప్పుడు మొదట వేడితో మూయడం, అది కుదరకపోతే నురుగు, అదీ కుదరకపోతే శస్త్రచికిత్స అన్న వరుసను బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2013లో సూచించింది. ఈ మూడింటిలో ఏదీ తగనివారికే మేజోళ్లను చికిత్సగా ఇవ్వాలని చెప్పింది. బ్రిటన్‌లోనే 798 మందిపై జరిగిన క్లాస్ అధ్యయనం ఐదేళ్ల తర్వాతి ఫలితాలు 2019లో వెలువడ్డాయి: లేజర్, శస్త్రచికిత్స పొందినవారి జీవన నాణ్యత నురుగు పొందినవారి కంటే మెరుగ్గా ఉంది. లేజర్‌కూ రేడియోఫ్రీక్వెన్సీకీ మధ్య సిర మూసుకునే విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు; వైద్యుడికి ఏది బాగా అలవాటైతే అదే రోగికి మేలు. సిర మరీ మెలికలు తిరిగి ఉన్నా, చర్మానికి ఆనుకుని ఉన్నా వేడి కన్నా ఇతర మార్గాలు మంచివి.

పుండు పడినవారి విషయంలో ఆలస్యం పనికిరాదని తేల్చినది 2018లో ప్రచురితమైన ఎవ్రా అధ్యయనం. కట్లు కడుతూనే రెండు వారాల్లో రిఫ్లక్స్ సిరను మూసినవారి పుండ్లు మధ్యస్థంగా 56 రోజుల్లో మానగా, పుండు మానేదాకా ఆగిన వర్గంలో అందుకు 82 రోజులు పట్టింది. మళ్లీ పుండు పడకుండా కాపాడటంలో సిర చికిత్స విలువను 2004 నాటి ఎస్కార్ అధ్యయనం ముందే చూపింది: కట్లతోనే సరిపెట్టినవారిలో ఏడాదిలో 28 శాతం మందికి పుండు తిరగబెట్టగా, శస్త్రచికిత్స కూడా పొందినవారిలో అది 12 శాతమే.

మరో కొసన, బాధ లేకుండా సన్నని గీతలు మాత్రమే ఉన్నవారికి, స్కాన్‌లో సఫీనస్ సిర మామూలుగా ఉంటే, లేజర్ గొట్టంతో పనిలేదు. అందం కోసం చికిత్స కోరితే చిన్న ఇంజెక్షన్లు చాలు. గీతలు చూపిస్తే రెండు కాళ్లకూ లేజర్ ప్యాకేజీ చెప్పే చోట మరో వైద్యుడి అభిప్రాయం తీసుకోవడం మేలు. రిఫ్లక్స్ ఏ సిరలో, ఎంత సేపు ఉంది, లోతు సిరలు బాగున్నాయా, మెలికలను అదే రోజు తీస్తారా, తర్వాతనా, చికిత్స అనంతరం స్కాన్ ఎప్పుడు అన్న ప్రశ్నలకు వాస్క్యులర్ సర్జన్ గాని, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్ గాని నివేదిక చూపుతూ సమాధానం చెప్పగలగాలి. ఖర్చు విషయంలో, అనేక ఆరోగ్య బీమా పాలసీలు వెరికోస్ సిరలకు రెండేళ్ల నిరీక్షణ కాలం పెడతాయని గుర్తుంచుకోవాలి. ప్రభుత్వ పథకం కింద ఏ పద్ధతి వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోవాలి.

మూసిన తర్వాత

చికిత్స ముగిసిన గంటలోపే నడిపించడం, వైద్యుడు చెప్పిన రోజులు మేజోళ్లు తొడగడం, మొదటి వారాల్లో సుదూర ప్రయాణాలు మానడం లోతు సిరలో గడ్డ రాకుండా తీసుకునే జాగ్రత్తలు. తొడ లోపలి వైపు తాడు లాగినట్లు ఉండటం, కమిలిన మచ్చలు కొద్ది వారాల్లో సర్దుకుంటాయి. వేడి పద్ధతుల్లో గజ్జల సంగమం దగ్గర గడ్డ లోతు సిరలోకి పొడుచుకు రావడం అరుదుగా జరుగుతుంది. తొలి రోజుల స్కాన్ దానిని పట్టుకోవడానికే. శాశ్వతంగా నయం అన్న హామీని ఏ పద్ధతీ నిలబెట్టుకోలేదు. మూసిన సిర కొందరిలో తిరిగి తెరుచుకుంటుంది, కోత జరిగిన గజ్జల్లో కొత్త సన్నని సిరలు మొలుస్తాయి, ఇంతకాలం బాగున్న మరో సిర చెడుతుంది. కవాటాలు బలహీనపడే తత్వం చికిత్సతో పోదు గనుక, ఏళ్ల తర్వాత మళ్లీ నురుగు ఇంజెక్షన్ అవసరమైతే దానిని మొదటి చికిత్స వైఫల్యంగా చూడనక్కర్లేదు.

కూర్చునే హక్కు

కవాటాలు బలహీనపడే తత్వానికి తోడయ్యే పీడనంలో కొంత భాగం పనిచేసే చోటు నుంచి వస్తుంది. డెన్మార్క్ కార్మికులను పన్నెండేళ్లు గమనించిన అధ్యయనంలో, పనివేళల్లో ఎక్కువ భాగం నిలబడి లేదా నడుస్తూ ఉండేవారు ఈ వ్యాధితో ఆసుపత్రిలో చేరే అవకాశం మిగతావారికన్నా ఎక్కువని తేలింది. ఈ రెండింటిలో నడక పిక్కను పనిచేయిస్తుంది. కదలకుండా నిలబడటమే దానిని ఆపేస్తుంది. ట్రాఫిక్ కానిస్టేబుల్, మంగలి, హోటల్ వంటమనిషి, కాపలాదారు, ఉపాధ్యాయుడు ఈ కోవలోనివారే. చీరల దుకాణాల్లో కొనేవారు లేని వేళల్లో సైతం కౌంటరు వెనుక నిలబడే ఉండాలన్న నియమం మీద కేరళలోని కోళికోడ్ మహిళా కార్మికులు సాగించిన ఉద్యమం ఫలితంగా, ఆ రాష్ట్రం 2018లో దుకాణాల చట్టాన్ని సవరించి సిబ్బందికి కూర్చునే సౌకర్యం తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు అదే బాటలో చట్టం తెచ్చింది.

హైదరాబాదు, విజయవాడ, విశాఖల్లోని పెద్ద వస్త్ర దుకాణాల్లో నిలబడి రోజు గడిపే యువతీయువకుల కాళ్లకు ఈ మాట సూటిగా వర్తిస్తుంది. సిర చెడిన తర్వాత దానిని ఏ వేడితో, ఏ జిగురుతో మూయాలో వైద్యుడు చెప్పగలడు. ఆ వ్యక్తి మర్నాటి నుంచి మళ్లీ పది గంటలు కదలకుండా నిలబడక తప్పని ఉద్యోగానికే వెళుతుంటే, ఆ చికిత్స సగం పనే చేసినట్లు లెక్క. కౌంటరు వెనుక ఒక స్టూలు, గంటకోసారి నాలుగడుగులు నడిచే వెసులుబాటు కల్పించడం యజమానికి పెద్ద భారం కాదు.